ఎబెర్తో కాస్తీయో: ఒక సివిల్ ఇంజినీర్ రాజకీయం

మా రూమ్మేట్‌ది సివిల్ బ్రాంచ్. మిడ్ ఎగ్జామ్స్ ముందు రోజు రాత్రి వాడు ఒక పొడవాటి రబ్బరు తీసుకుని, రెండు చేతులతో కిందికి వంచి నాకు చూపించాడు. "చూడు మామా, పైభాగం నొక్కుకుపోతోంది. కిందిభాగం సాగుతోంది. మధ్యలో ఉన్న రబ్బరు ఏం పనిచేస్తోంది? దాదాపు ఏమీ లేదు."

"మరి స్లాబు మధ్యలో అంత కాంక్రీట్ ఎందుకు పోస్తారు, దండగ కదా?" అన్నాను. సీఎస్ఈ వాళ్లు ఇలాంటి ప్రశ్నలు అడిగితే సివిల్ వాళ్లు మామూలుగా నవ్వుతారు. వీడు నవ్వలేదు. "మెక్సికోలో ఒకాయన తీసేశాడు రా. తర్వాత ఆయన్ని జైల్లో వేశారు" అన్నాడు.

కాంక్రీట్ తీసేసినందుకు కాదు లెండి. కానీ ఆ ఒక్క వాక్యం పట్టుకుని నేను మూడు వారాలు చదివాను. నా సెమిస్టర్‌కి ఏమాత్రం పనికిరాని చదువు అనుకున్నాను. చివర్లో మా బ్రాంచ్ సంగతే వచ్చింది, అది ఎలా అన్నది ఆఖర్లో చెప్తాను.

ఆయన పేరు ఎబెర్తో కాస్తీయో. ఇంగ్లీషు స్పెల్లింగ్ చూసి నేను మొదట "హెబెర్టో కాస్టిల్లో" అని చదివాను. స్పానిష్‌లో మొదటి 'హెచ్' పలకరు, రెండు 'ఎల్'లు పక్కపక్కన వస్తే మెక్సికోలో 'య' అంటారు. ఈ రెండు 'ఎల్'ల సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత అవసరం పడుతుంది.

ఆయన 1928లో వెరాక్రూజ్ రాష్ట్రంలో ఇష్వత్లాన్ దె మదేరో అనే ఊళ్లో పుట్టారు. మెక్సికో సిటీలోని జాతీయ విశ్వవిద్యాలయంలో సివిల్ ఇంజినీరింగ్ చదివి అక్కడే లెక్చరర్ అయ్యారు. ఆ యూనివర్సిటీని అందరూ 'ఉనామ్' అంటారు. పోటీగా ఉండే పాలిటెక్నిక్ సంస్థలో కూడా ఆయన పాఠాలు చెప్పారు. స్ట్రక్చర్స్ ఆయన సబ్జెక్టు.

1960లలో ఆయన కనిపెట్టినదాని పేరు త్రిదిలోసా. 'లోసా' అంటే స్లాబు. 'త్రిది' అంటే మన త్రీడీయే. స్పానిష్ 'త్రి', మన త్రికోణంలో 'త్రి' ఒక్కటే అని తెలిసి మా తెలుగు క్లబ్ సీనియర్ చాలా సంతోషించారు. ఐడియా ఏంటంటే, కాంక్రీట్‌ని నొక్కితే గట్టిగా ఉంటుంది, లాగితే పగిలిపోతుంది. ఇనుము లాగినా ఆగుతుంది. మామూలు స్లాబులో కింద లాగుడు పడే చోట ఇనుప చువ్వలు వేస్తాం, కానీ ఆ చువ్వల చుట్టూ, మధ్యలో అంతా కాంక్రీట్ ఉంటుంది. ఆ మధ్య కాంక్రీట్ చేసే పని కొంచెం, దాని బరువు మాత్రం బోలెడు. కాస్తీయో ఏం చేశారంటే పైన పలచటి కాంక్రీట్ పొర ఉంచి, కింద ఇనుము ఉంచి, మధ్యలో ఏటవాలు చువ్వలతో పిరమిడ్లలాగా అల్లేశారు. ఫస్టియర్ మెకానిక్స్‌లో మనం గీసిన ట్రస్ గుర్తుందా? దాన్ని మూడు వైపులా పరిచి పైన స్లాబు పోస్తే ఎలా ఉంటుందో అలా. మామూలు స్లాబుతో పోలిస్తే ఇందులో కాంక్రీట్ మూడింట రెండు వంతులు, ఇనుము 40 శాతం దాకా ఆదా అవుతుందని చెప్తారు. ప్రతి బిల్డింగ్‌కీ అంత వస్తుందా అన్నది మా రూమ్మేట్‌కి డౌటే. బరువు తగ్గుతుంది అన్నదాంట్లో మాత్రం డౌట్ లేదు.

మెక్సికో సిటీలో బరువు తగ్గడం చిన్న విషయం కాదు. ఆ నగరం ఒక పాత చెరువు అడుగున కట్టింది. కింద మెత్తటి బంకమట్టి. బరువైన బిల్డింగులు ఏటేటా కుంగుతుంటాయి, పైగా భూకంపాలు. ఆ ఊళ్లో సుమారు 50 అంతస్తుల టవర్ ఒకటి, మొదట హోటల్ దె మెహికో అనే పేరుతో మొదలై ఇప్పుడు వరల్డ్ ట్రేడ్ సెంటర్ అయింది. దాని అంతస్తులకు వాడింది త్రిదిలోసానే. 1985 సెప్టెంబర్ 19న వేల మందిని బలితీసుకున్న భూకంపం తర్వాత కూడా అది నిలబడే ఉంది.

ఇక్కడితో ఆగిపోయుంటే ఈయన మా రూమ్మేట్ టెక్స్ట్‌బుక్కులో ఒక బాక్స్ ఐటమ్ అయ్యేవారు.

ఆ కాలపు మెక్సికో గురించి రెండు ముక్కలు చెప్పాలి. 1929 నుంచి అక్కడ ఒకటే పార్టీ అధికారంలో ఉంది. దాని పేరు రెండుసార్లు మారి చివరికి పీఆర్ఐ అయింది. ఎన్నికలు టైముకి జరుగుతాయి, ప్రతిపక్షాలు పోటీ చేస్తాయి, ప్రతిసారీ పీఆర్ఐ గెలుస్తుంది. ఆ పార్టీ పూర్తిగా చెడ్డది అని కూడా తేల్చేయలేం. 1934 నుంచి 1940 దాకా దాని తరఫున ప్రెసిడెంట్‌గా చేసిన లాసరో కార్దెనాస్ రైతులకు భూములు పంచారు, 1938లో విదేశీ ఆయిల్ కంపెనీలను జాతీయం చేశారు. ఇప్పటికీ అక్కడ ఆయన పేరు చెప్తే జనం తల వంచుతారు. 1961లో ఆ ముసలి జనరల్ అండతో జాతీయ విమోచన ఉద్యమం అని ఒకటి మొదలైంది. మన ఇంజినీరు రాజకీయాల్లోకి వచ్చింది అందులోంచే. జనరల్ గారి కొడుకు క్వావ్‌తెమోక్ కార్దెనాస్ కూడా అందులో ఉన్నారు. ఆయనా ఉనామ్‌లో చదివిన సివిల్ ఇంజినీరే. ఈ పేరు కూడా గుర్తుపెట్టుకోండి.

1968. ఆ అక్టోబర్లో మెక్సికో సిటీలో ఒలింపిక్స్. జులైలో రెండు స్కూళ్ల పిల్లల గొడవను ఆపడానికి వచ్చిన పోలీసులు ఇష్టం వచ్చినట్టు కొట్టారు. దాంతో మొదలైన స్టూడెంట్ ఉద్యమం నెలలో లక్షల మందికి పాకింది. డిమాండ్లు చూస్తే పెద్ద విప్లవం ఏమీ లేదు. రాజకీయ ఖైదీలను వదలండి, అల్లర్ల పోలీసు దళాన్ని రద్దు చేయండి, దెబ్బలకు బాధ్యులెవరో తేల్చండి, ఇలాంటివి ఆరు. మన వయసు వాళ్లు వీధిలోకి వెళ్తే లెక్చరర్లు ఏం చేయాలి? కొందరు లెక్చరర్లు ఒక కూటమిగా ఏర్పడి పిల్లలతో నిలబడ్డారు. కాస్తీయో అందులో ముఖ్యుడు. ఆగస్టు చివర్లో ఇంటి దగ్గరే ఆయన్ని తల పగిలేలా కొట్టారు.

సెప్టెంబర్ 15 రాత్రి మెక్సికోలో పెద్ద పండగ. ప్రెసిడెంట్ బాల్కనీలోకి వచ్చి గంట కొట్టి, స్వాతంత్ర్య వీరుల పేర్లు చెప్పి జయజయధ్వానాలు చేస్తారు. మనకు ఎర్రకోట మీద ప్రసంగం ఎలాగో వాళ్లకు అది అలాగ. ఆ ఏడాది ఉనామ్ క్యాంపస్‌లో విద్యార్థులు తమ పండగ తాము చేసుకున్నారు, ఆ నినాదం ఇచ్చింది కాస్తీయో. ప్రభుత్వానికి ఇది ఎంత మండిందో ఊహించండి. మూడు రోజులకు, సెప్టెంబర్ 18న, సైన్యం క్యాంపస్‌లోకి దిగింది. ఆ క్యాంపస్ పక్కనే ఎప్పుడో ఆరిపోయిన అగ్నిపర్వతపు లావా గడ్డకట్టిన రాళ్ల మైదానం ఉంది. కాస్తీయో చీకట్లో ఆ రాళ్ల మధ్య దాక్కుని తప్పించుకున్నారు.

అక్టోబర్ 2న త్లాతెలోల్కో అనే చోట సభ జరుగుతుంటే సైన్యం కాల్చింది. ప్రభుత్వం ముందు చెప్పిన లెక్క పాతిక, ముప్ఫై మంది. మిగతా అంచనాలు వందల్లోకి వెళ్తాయి. సరైన సంఖ్య ఇప్పటికీ తేలలేదు. పది రోజులకు ఒలింపిక్స్ మొదలయ్యాయి.

కాస్తీయో అజ్ఞాతంలో ఉండి 1969 మేలో దొరికారు. లెకుంబెర్రి అనే జైల్లో రెండేళ్లు ఉంచారు. జనం దాన్ని నల్లభవనం అనేవాళ్లు. మధ్యలో ఒక కావలి బురుజు, దాని చుట్టూ చక్రం ఆకుల్లా బ్యారక్‌లు, బురుజు మీద నిలబడితే అన్ని వరసలూ కనిపించేలా డిజైన్ చేశారు. ఒక స్ట్రక్చరల్ ఇంజినీర్‌ని అలాంటి బిల్డింగ్‌లో పెట్టడం చూస్తే నాకు ఎలాగో అనిపించింది.

1971 మేలో బయటికి వచ్చాక, జైల్లోంచి వచ్చిన మరికొందరితో కలిసి దేశం తిరిగారు. వాళ్లలో ముఖ్యుడు దెమెత్రియో వయేహో. 1950ల చివర్లో రైల్వే కార్మికుల సమ్మె నడిపి పదేళ్లకు పైగా జైల్లో ఉన్న మనిషి. మొదట్లో ఆక్తావియో పాస్, కార్లోస్ ఫుయెంతెస్ లాంటి పెద్ద రచయితలు కూడా కలిశారు, తర్వాత ఎవరి దారిన వాళ్లు వెళ్లారు. 1974లో కాస్తీయో, వయేహో కలిసి మెక్సికన్ కార్మికుల పార్టీ పెట్టారు. దీన్ని పీఎంటీ అందాం.

ఇక్కడ నాకు బాగా నచ్చిన గొడవ ఒకటి ఉంది. గొడవ బొమ్మ గురించి. మెక్సికో కమ్యూనిస్ట్ పార్టీ 1919లో మొదలైంది. దాన్ని పెట్టినవాళ్లలో మన దేశపు ఎం.ఎన్. రాయ్ ఒకరు. బ్రిటిష్ వాళ్ల నుంచి తప్పించుకుంటూ అమెరికా మీదుగా మెక్సికో చేరి అక్కడ పార్టీ పెట్టేశాడాయన! 1981లో ఆ పార్టీ, మరికొన్ని చిన్న పార్టీలు కలిసి ఒకటవుదాం అన్నాయి, పీఎంటీని కూడా పిలిచాయి. చర్చలు చాలా దూరం వెళ్లి చెడిపోయాయి. కారణాల్లో ఒకటి సుత్తీ కొడవలి. ఆ గుర్తు ఉండాలని వాళ్లు, వద్దని కాస్తీయో. ఆయన వాదన ఏంటంటే, పల్లెటూరి మెక్సికన్‌కి లెనిన్ ఎవరో తెలియదు, సపాతా ఎవరో తెలుసు. తెలిసిన పేరుతో చెప్తే అర్థమయ్యే మాటను తెలియని పేరుతో ఎందుకు చెప్పాలి? ఇది నాకెందుకు నచ్చిందంటే, పదో క్లాసు దాకా ఇంగ్లీష్ మీడియంలో చదివి, ఇంట్లో అమ్మమ్మకు నా సబ్జెక్టు ఏంటో చెప్పలేక "కంప్యూటర్ చదువు" అని వదిలేసినవాణ్ణి నేను. ఆయన వాదన పూర్తిగా కరెక్టా కాదా అన్నది వేరే సంగతి. ఆ గొడవ వల్ల లెఫ్ట్ ఇంకో ఆరేళ్లు విడిగా ఉండిపోయింది, అదీ నిజమే.

ఈ మధ్యలో ఆయన 'ప్రొసెసో' అనే వారపత్రికలో రాసేవారు. 1977లో ప్రభుత్వం అమెరికా బోర్డర్ దాకా పెద్ద గ్యాస్ పైప్‌లైన్ వేస్తానంటే, మన గ్యాస్ మనకు ఉంచండి అని లెక్కలతో పోరాడారు. చివరికి అమెరికా ఆ ధర మేం ఇవ్వం అనేసింది. ఆ పైప్‌లైన్ గ్యాస్ దేశంలో వాడకానికే మళ్లింది. 1985లో పీఎంటీ మొదటిసారి ఎన్నికల్లో నిలబడి కొన్ని సీట్లు తెచ్చుకుంది, ఆయన పార్లమెంటుకు వెళ్లారు. 1987లో చివరికి లెఫ్ట్ పార్టీలు కలిసి మెక్సికన్ సోషలిస్ట్ పార్టీ అయ్యాయి. తమ ప్రెసిడెంట్ క్యాండిడేట్ ఎవరో పార్టీ నాయకులు గదిలో కూర్చుని తేల్చుకోకుండా, బూతులు పెట్టి మామూలు జనం చేత ఓట్లేయించారు. అందులో గెలిచింది కాస్తీయో.

యాభై తొమ్మిదేళ్ల వయసు. తలకు దెబ్బలు, జైలు, పదమూడేళ్లు ఊరూరా తిరిగి కట్టిన పార్టీ, ఇప్పుడు ప్రెసిడెంట్ పోటీ. 1988 జులై 6న ఎన్నిక.

అప్పుడు క్వావ్‌తెమోక్ కార్దెనాస్ వచ్చారు. ఆ జనరల్ గారి కొడుకు. ఆయన అప్పటిదాకా పీఆర్ఐలోనే ఉన్నారు, ఆ పార్టీ తరఫున 1986 దాకా ఒక రాష్ట్రానికి గవర్నర్ కూడా. మనకు గవర్నర్ అంటే వేరు, అక్కడ మన ముఖ్యమంత్రి లాంటి పదవి. 1987లో పార్టీతో తెగతెంపులు చేసుకుని చిన్న పార్టీల కూటమి తరఫున నిలబడ్డారు. ఎక్కడికి వెళ్తే అక్కడ జనం. కొంత తండ్రి పేరు, కొంత అప్పుల సంక్షోభంలో పడిపోయిన జీతాల కోపం. ఉనామ్ క్యాంపస్ సభకు విద్యార్థులు నిండిపోయారు. ఇరవై ఏళ్ల క్రితం కాస్తీయో నినాదం ఇచ్చిన క్యాంపస్ అది!

కాస్తీయో సభలకు అంత జనం లేరు. ఎన్నికకు నెల ముందు ఆయన పోటీ నుంచి తప్పుకుని కార్దెనాస్‌కి మద్దతు ఇచ్చారు.

దీని గురించి మా రూమ్మేట్‌కి, నాకు గంటసేపు వాదన. వాడేమంటాడంటే, గెలవనని తెలిసినప్పుడు తప్పుకోవడంలో గొప్పేముంది, అది లెక్క. నేను ఒప్పుకోలేదు. తనని జైల్లో వేసిన పార్టీలో నిన్నటిదాకా ఉన్న మనిషి కోసం తప్పుకోవాలి. జీవితమంతా "వాళ్లతో కలవం" అని చెప్పి కట్టిన పార్టీ వాళ్లకు సమాధానం చెప్పాలి. బొమ్మ విషయంలో రాజీపడని మనిషి సీటు విషయంలో రాజీపడ్డాడు. నాకైతే ఆ కెరీర్ మొత్తంలో ఇదే కష్టమైన పని అనిపిస్తుంది. "లోడ్ ఎటు పోతోందో చూసి మధ్యలో కాంక్రీట్ తీసేశాడు, అంతే కదా" అన్నాడు వాడు. సివిల్ వాళ్లతో వాదించకూడదు.

ఎన్నికకు నాలుగు రోజుల ముందు, జులై 2న, కార్దెనాస్ మనుషులు ఇద్దరిని కాల్చి చంపారు. వాళ్లలో ఫ్రాన్సిస్కో హవియెర్ ఒవాందో అనే ఆయన పని ఎన్నికల ఫలితాలు కనిపెట్టుకుని లెక్క చూసే నెట్‌వర్క్ నడపడం. రెండో ఆయన రొమాన్ హిల్, ఆయన సహాయకుడు.

జులై 6 రాత్రి. ఓట్ల లెక్క అప్పట్లో హోంశాఖ చేతిలో ఉండేది. మంత్రి మాన్యుయెల్ బార్ట్‌లెట్. ఫలితాలు కంప్యూటర్లలో వస్తాయి, పార్టీలవాళ్లు తెరల మీద చూసుకోవచ్చు అని ముందే చెప్పారు. మొదటి లెక్కలు రాజధాని చుట్టుపక్కల నుంచి వచ్చాయి, పీఆర్ఐకి బాగా వ్యతిరేకం. తర్వాత తెరలు ఆగిపోయాయి. లైన్లు బిజీ, వాతావరణం బాలేదు అని కారణాలు చెప్పారు. ఆ రాత్రే కార్దెనాస్, రైట్ వైపు క్యాండిడేట్ క్లూథియెర్, ఇంకో లెఫ్ట్ క్యాండిడేట్ రోసారియో ఇబార్రా, ముగ్గురూ కలిసి మంత్రిత్వ శాఖకు వెళ్లి నిరసన చెప్పారు. కొన్ని రోజులకు అధికారిక ఫలితం వచ్చింది. పీఆర్ఐ క్యాండిడేట్ సాలినాస్‌కి 50 శాతం పైన, కార్దెనాస్‌కి 31.

ఇప్పుడు ఆ రెండు 'ఎల్'లు. స్పానిష్‌లో 'కయో' అంటే పడిపోయింది. రెండు 'ఎల్'లతో రాస్తే కూడా మెక్సికోలో 'కయో' అనే పలుకుతారు, అర్థం మాత్రం నోరు మూసుకుంది. "సిస్టమ్ కయో" అని ఎవరైనా అంటే సిస్టమ్ పడిపోయిందా, నోరు మూసుకుందా చెవితో తెలియదు, రాస్తేనే తెలుస్తుంది. ఈ మాట అక్కడ ఇప్పటికీ జోకు. మనం సర్వర్ డౌన్ అంటే విసుక్కుని రిఫ్రెష్ కొడతాం. వాళ్లు ఆ మాట వింటే ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. అప్పటి ప్రెసిడెంట్ మిగెల్ దె లా మాద్రిద్ 2004లో తన జ్ఞాపకాల పుస్తకం వేశారు. ఓడిపోతున్న లెక్కలు బయటికి చెప్పడానికి భయపడి ఆపేశారని దాన్ని చదివితే తెలుస్తుంది. బార్ట్‌లెట్ మాత్రం మోసం ఆరోపణల్ని ఎప్పుడూ ఒప్పుకోలేదు. 2018లో లెఫ్ట్ ప్రభుత్వం వచ్చాక ఆయన్నే దేశపు కరెంటు సంస్థకు హెడ్‌గా వేశారు. ఇది జోకు కాదు, నిజం.

బ్యాలెట్ పేపర్లు కొన్నాళ్లు పార్లమెంటు బిల్డింగ్‌లో సైన్యం కాపలాలో ఉన్నాయి. 1991 డిసెంబర్లో పార్లమెంటు ఓటేసి వాటిని తగలబెట్టాలని నిర్ణయించింది, తగలబెట్టేశారు.

కాస్తీయో తర్వాతి సంగతులు తొందరగా చెప్పేస్తాను. 1989లో కార్దెనాస్‌తో కలిసి పీఆర్‌డీ అనే కొత్త పార్టీ పెట్టారు. దానికి రిజిస్ట్రేషన్ కొత్తగా దొరకలేదు, సోషలిస్ట్ పార్టీ తన రిజిస్ట్రేషన్ ఇచ్చేసింది. 1994లో సెనేటర్ అయ్యారు. ఆ ఏడాది చియాపాస్‌లో ఆదివాసీలు సపాతా పేరుతోనే తిరుగుబాటు చేస్తే, వాళ్లతో మాట్లాడటానికి పార్లమెంటు వేసిన కమిటీలో పనిచేశారు. 1997 ఏప్రిల్ 5న చనిపోయారు. మూడు నెలల తర్వాత కార్దెనాస్ రాజధాని నగర ప్రభుత్వాన్ని గెలిచారు, పీఆర్ఐ మొదటిసారి దిగువ సభలో మెజారిటీ పోగొట్టుకుంది. ఆయన అది చూడలేదు.

ఇక మా బ్రాంచ్ సంగతి. బ్యాలెట్లు కాలిపోయాయి కానీ, ఒక్కో పోలింగ్ బూత్‌లో చేత్తో రాసిన లెక్కల షీట్లు మిగిలాయి. ఫ్రాన్సిస్కో కాంతు అనే రీసెర్చర్ 50 వేలకు పైగా షీట్ల ఫోటోలు తీసుకున్నారు. కొన్నింటిని మనుషులు చూసి 'దిద్దినది', 'దిద్దనిది' అని లేబుల్ చేశారు, వాటితో ఒక కన్వల్యూషనల్ న్యూరల్ నెట్‌వర్క్‌ని ట్రెయిన్ చేశారు. మనం ల్యాబ్‌లో పిల్లీ కుక్కా గుర్తుపట్టించే మోడల్ లాంటిదే. 2019లో పేపర్ వచ్చింది. సుమారు మూడింట ఒక వంతు షీట్లలో దిద్దుబాట్ల గుర్తులు ఉన్నాయని తేలింది. ప్రతిపక్షం ఏజెంట్ కూర్చోని బూత్‌లలో ఎక్కువ. అంటే కంప్యూటర్ ఆగినా ఆగకపోయినా, అంకెలు మారింది పెన్నుతో.

ఆ షీట్లు దాచింది మెక్సికో జాతీయ ఆర్కైవ్‌లో. ఆ ఆర్కైవ్ 1982 నుంచి ఉంటున్న బిల్డింగ్ లెకుంబెర్రి, కాస్తీయో రెండేళ్లు ఉన్న జైలు. బ్యారక్ గదుల్లో ఇప్పుడు ఫైళ్లు పెట్టారు.

పేపర్ నేను చదివాను. న్యూరల్ నెట్ భాగం అర్థమైంది, స్టాటిస్టిక్స్ సగమే. మిగతా సగం తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే బి-బ్లాక్ రెండో ఫ్లోర్‌కి రండి, టీ నేను ఇప్పిస్తాను.